గింజలకు ఎండ

చైత్ర శుద్ధ చవితి

ఇది బదిలీ గది చిట్టా. డ్రమ్ముల లెక్కలు తప్ప ఇంటి సంగతులు ఇందులో రాయకూడదన్న నియమం నేను పెట్టిందే. ఇవాళ కొంచెం మీరుతున్నాను. రేపు ఉదయం నా ఎడమ కంటికి ఆపరేషన్. ఎనిమిది రోజులు కట్టు విప్పకూడదు. కుడి కంటికి అక్షరాలు ఆనడం ఎప్పుడో మానేశాయి. అందుకని ఈ ఎనిమిది రోజులూ చిట్టా ఖాళీగా ఉంటుంది. చూసేవాళ్ళకు కారణం తెలియాలి.

కంటి డాక్టరు ఏడాదికి ఒక్కసారి, తెర ఎత్తే మూడు రోజుల్లోనే మా ఊరు వస్తాడు. గాలిమర కరెంటు దీపాన్ని నమ్మి మనిషి కన్ను కోయనంటాడు. ఊరంతా ఎండ కోసం మేడలెక్కే ఆ మూడు రోజులూ నేను తలుపులు వేసుకుని పడుకోవాలి. పోనీ. భూమి చల్లబడాలని ఆకాశంలో ఆ తెర కట్టక ముందు, ఏప్రిల్ ఎండలో చెప్పుల్లేకుండా బడికి నడిచినదాన్ని. ఎండ పండుగంతా తెర కట్టాక పుట్టినవాళ్ళది.

గదిలో రెండు డ్రమ్ములున్నాయి. ఊరి మరుగుదొడ్ల నుంచి వచ్చే నత్రజనిని మొదటి దానిలోని సూక్ష్మజీవులు ఒక అమైనో ఆమ్లంగా కూడబెడతాయి. రెండో దానిలో గింజలుంటాయి. జనం గింజలంటారు గానీ అవి ధాన్యం కావు. ఆవగింజంత జిగురు పూసలు, వాటిలో బిగించిన ట్రాన్సామినేస్ అనే ఎంజైమ్. ఒక అణువు మీద ఉన్న అమైనో గుంపును ఎత్తి ఇంకో అణువు మీద దించడం దాని పని. కొత్తగా ఏదీ పుట్టించదు. ఒకరి చంకలోని బిడ్డను తీసి ఇంకొకరి చంకకు అందించినట్టు. అలా అందుకున్న అణువులే మేం తినే తెలుపు. ఈ బూడిద వెలుతురుకు కంది పూత నిలవదు, శనగ కాయ పట్టదు. కొర్రగంజిలో కలిపే ఆ తెలుపే మాకు పప్పూ పాలూ మాంసమూ. కొత్త గింజలు చేసే కర్మాగారం తీరంతో పాటే మునిగింది. ఉన్నవాటితోనే బతకాలి.

తాళంచెవి మనవరాలు ఈశ్వరి చేతికిచ్చి పాఠం అప్పజెప్పమన్నాను.

“ఎన్నిసార్లు జేజీ? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొళాయి తిప్పాల. డ్రమ్ము వేడి చూడాల. తెలుపు తూకం వేసి పలక మీద రాయాల. అంతే గద.”

“కిటికీకి నల్ల కాగితం?”

“తియ్యను.”

“ఎందుకు తియ్యకూడదు?”

“నువ్వు తిడతావని.”

అది సరైన జవాబు కాదు. సరైనది చెప్పబోయేలోగా డాక్టరు మనిషి కంట్లో చుక్కలు వేయడానికి వచ్చాడు.

తెలుపు: పన్నెండు కిలోలు.

చైత్ర శుద్ధ త్రయోదశి

కట్టు విప్పారు. తెరకు పైన చంద్రుడెలా ఉన్నాడో తెలియకపోయినా తిథులు నేను వదల్లేదు. కట్టు కట్టుకుని పడుకున్న రోజుల్లో కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

ఎండ రోజుల్లో వీధి చప్పుడంతా నా గదిలోకి వచ్చింది. చాపలు దులిపే చప్పుడు, పిల్లల అరుపులు, ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ములు. ఎదురింటి హుసేనమ్మ తలుపు సందులోంచి నాకు వార్తలు చదివేది. “అక్కా, మద్దిలేటి చొక్కా ఇడిచి ఎండలో కూచున్నాడు. ఊరి పెద్ద కడుపు ఊరంతా చూసింది.”

కొత్త కంటికి లోకం కడిగినట్టుంది. సున్నం గోడ ఇంత తెల్లన అని మరిచిపోయాను. ఈశ్వరి కూతురు, నా మునిమనవరాలు తుంగ వీపు ఎండకు కమిలి గోధుమ రంగు తేలింది. దానికి మూడో ఏడు నడుస్తోంది. తల్లిపాలు మానిపించి రెండు నెలలు.

గది శుభ్రంగా ఉంది. నల్ల కాగితం అంటించినచోటే ఉంది. పలక మీద తూకాలన్నీ వరసగా ఉన్నాయి. ఈశ్వరిని మెచ్చుకున్నాను. గింజలు మాత్రం ఉతికి వెలిసిన గుడ్డలా కనబడ్డాయి. కంటిలో పొర ఉన్నన్నాళ్ళూ అన్నీ పచ్చగా కనబడతాయనీ, అది తీసేశాక పసుపు తగ్గినట్టూ నీలం పెరిగినట్టూ ఉంటుందనీ డాక్టరు ముందే చెప్పాడు. అలవాటు పడాలి.

తెలుపు: పదకొండు.

చైత్ర బహుళ నవమి

తెలుపు తొమ్మిది కిలోలకు దిగింది. మొదట పంపును అనుమానించి దస్తగిరిని పిలిపించాను. గాలిమరల దగ్గర పనిచేస్తాడు. ఒకప్పుడు నా క్లాసులో ఆఖరి బెంచీ. ఇప్పటికీ నా ముందు మాట్లాడేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుంటాడు.

పంపు విప్పి, కడిగి, బిగించి, గొట్టాలన్నీ ఊది చూశాడు.

“పంపు కులాసాగా ఉండాది మేడం. నీళ్ళూ బాగుండాయి. గింజలే ముసలైనాయేమో, మన మాదిరి.”

“ముసలితనం ఒక్క వారంలో రాదు దస్తగిరీ.”

“మా నాయనకు పింఛను పేపర్లు వచ్చినరోజే వచ్చింది మేడం.”

ఎవరెంత పోస్తే వాళ్ళకంత తెలుపు అని పెడితే మరుగుదొడ్ల ముందు వరుస కడతారని కూడా సలహా ఇచ్చాడు. మొదటి డ్రమ్ములో కొరత లేదని చెప్పి పంపించేశాను. అమైనో గుంపులు నిండుగా ఉన్నాయి. వాటిని ఎత్తి దించే పనే మందగించింది.

అందరికీ పోసే తెలుపు గరిటెలో పావు వంతు తగ్గించాను. మా ఇంటికీ అంతే.

వైశాఖ శుద్ధ షష్ఠి

తెలుపు: ఏడు.

పొద్దున తుంగకు స్నానం చేయించి పాదాలు తుడుస్తూ చూశాను. పాదం పైభాగం బొద్దుగా, నున్నగా ఉంది. బొటనవేలితో నొక్కాను. గుంత పడింది. వేలు తీసినా అది అలాగే ఉండిపోయింది. రెండో పాదానికీ అంతే. జుట్టును వెలుగులో పట్టి చూస్తే కుదుళ్ళ దగ్గర రాగి రంగు.

ఈశ్వరి పక్కనుంచి, “ఒళ్ళు చేసింది గద జేజీ” అంది సంతోషంగా.

అది ఒళ్ళు కాదనీ నీరనీ చెప్పాను. పాలు మానిన పిల్లకు తెలుపే పాలు. అది తగ్గితే రక్తంలో మాంసకృత్తులు తగ్గి నీరు పాదాల్లోకి దిగుతుంది. ఇలాగే సాగితే ముఖం ఉబ్బుతుంది, తర్వాత తిండి మీద ధ్యాస పోతుంది, ఆ తర్వాత ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. తెర కట్టిన తొలి ఏళ్ళలో అలాంటి పిల్లలను మా బడి వరండాలో పడుకోబెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ లేవలేదు. నీరన్న మాట తప్ప ఇదంతా ఈశ్వరికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

గదికి వెళ్ళి గింజలను పళ్ళెంలో పోసి దీపం కింద కడిగాను. వాటి మధ్య చదునైన లేత విత్తనం ఒకటి వేలికి తగిలింది. నాలుక మీద పెట్టుకుంటే మండింది. మిరప విత్తనం. తాళం వేసిన గదిలోకి, మూత వేసిన డ్రమ్ములోకి మిరప విత్తనం ఎలా వస్తుంది?

అప్పుడు చేయాల్సిన పని చేశాను. మొదటి రోజే చేసి ఉండవలసింది. గింజల పక్కన చిటికెడు పసుపు పోసి ఒక్కో కన్నూ మూసి చూశాను. పాత కంటికి రెండూ పచ్చగానే ఉన్నాయి. కొత్త కంటికి పసుపు పసుపులాగే ఉంది, గింజలు మాత్రం నానిన సగ్గుబియ్యంలా ఉన్నాయి. తప్పు నా కంటిది కాదు.

వైశాఖ శుద్ధ సప్తమి

ఈశ్వరిని కూర్చోబెట్టి మిరప విత్తనం అరచేతిలో పెట్టాను.

“ఇది డ్రమ్ములోకి ఎట్లొచ్చింది?”

అది నవ్వింది. “హుసేనమ్మవ్వ మిరపకాయల పక్కన ఆరబోసినా గద. గాలికి వచ్చింటుంది.”

“ఏం ఆరబోసినావు?”

“గింజలు.” నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. “మూడు దినాలూ పెట్టినా జేజీ. తెల్లచీర ఉతికి పరిచి, కాకి వాలకుండా కట్టె పట్టుకోని కూచున్నా. రోజూ సాయంత్రం తడిపి మళ్ళా డ్రమ్ములో పోసినా. ఒక్క గింజ పోలేదు.”

“నిన్నెవరు పెట్టమన్నారు?”

“ఎవురు జెప్పాల? ఊళ్ళో అందరూ కొర్రలు, చింతపండు, బొంతలు, ఆఖరికి దేవుని పటాలు కూడా ఎండకు పెట్టినారు. ఎండ తగలని గింజ పుచ్చిపోతాదని మా అమ్మ అంటాన్నింది. ఇవి ఏండ్ల తరబడి చీకట్లో మగ్గుతాండాయి. తుంగకు పాలు లేవు. వీటికి బలమొస్తే ఆ తెలుపుకూ బలమొస్తాదనుకున్నా.”

“నల్ల కాగితం ఉండేది ఎందుకనుకున్నావు?”

“కాగితం నేను తియ్యలేదు జేజీ. నువ్వు తియ్యొద్దన్నది కాగితమే గద.”

చెప్పాను. గింజకున్న పసుపే దాని చెయ్యి. బి-6 విటమిన్ నుంచి తయారైన ఆ పసుపు పదార్థమే అమైనో గుంపును పట్టుకుని, కాసేపు మోసి, రెండో అణువు మీద దించుతుంది. ఎంజైమ్ మిగతా ఒళ్ళంతా ఆ చేతిని ఆనించి పట్టుకునేందుకే. వెలుతురు ఆ చేతిని విరిచేస్తుంది. ఎండకు బీటవారిన చేతులు కూడా రోజుకు కొన్ని ఊడుతున్నాయి. చేతులు లేని గింజలు అటు ఇచ్చేవాళ్ళనూ ఇటు పుచ్చుకునేవాళ్ళనూ చూస్తూ డ్రమ్ములో ఊరికే తేలుతున్నాయి.

తుంగ ఈశ్వరి ఒళ్ళోకి ఎక్కి మిరప విత్తనం తీసుకోబోతే చెయ్యి మూసేసింది.

“ఈ మాట ముందే చెప్పింటే పెట్టకపోదును గద జేజీ” అంది.

నేను ముప్పై ఏళ్ళు జీవరసాయనం చెప్పాను. ఇంట్లో మాత్రం తిట్టాను.

వైశాఖ శుద్ధ దశమి

తెలుపు: ఆరు.

బడి హాలులో సభ పెట్టారు. అంతకు ముందు దస్తగిరి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మేడం, గింజలు ముసలైనాయని రాసెయ్యండి. ఎవురికి తెలుస్తాది?”

“ముసలితనం ఒక్క వారంలో రాదని నీకే చెప్పాను.”

“ఆఖరి వడ్డన నియమం ఉండాది మేడం. పిల్లను తలుచుకోండి.”

ఆ నియమం నాకు తెలియక కాదు. ఉమ్మడి సొత్తు పాడుచేసిన ఇంటికి ఆ ఏడాదంతా ఆఖరి వడ్డన. అందరికీ పోశాక మిగిలితేనే వాళ్ళకు. నేనే రాశాను. పన్నెండు కిలోలు వచ్చే రోజుల్లో దానికి అర్థం కాసేపు ఆలస్యం, కాస్త సిగ్గు. ఆరు కిలోల నాడు దానికి అర్థం తుంగ గంజిలో తెలుపు లేకపోవడం.

సభలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎండలో పెట్టింది ఈశ్వరి. ఎందుకు పెట్టకూడదో చెప్పనిది నేను. రంగు పోవడం మొదటి రోజే చూసి, కొత్త కన్ను మీదికి నెట్టి, మూడు వారాలు పోగొట్టింది కూడా నేనే.

మద్దిలేటి గొంతు సవరించుకుని నియమం చదివాడు. చదివేటప్పుడు మా వైపు చూడలేదు. ఈశ్వరి తుంగను ఎత్తుకుని గోడకు ఆనుకుంది. పిల్ల పాదాలు కిందికి వేలాడుతుంటే అందరి కళ్ళూ వాటి మీదే.

హుసేనమ్మ లేచింది.

“ఆ పిల్ల చీర తెచ్చి పరస్తావుంటే నా మిరపకాయల చాప జరిపి చోటిచ్చింది నేను. మాది కూడా ఆఖరే. మద్దిలేటీ, నీ కొర్రలు ఆ పక్కన లేవా? నువ్వు మూడు దినాలూ వాటిని దాటుకోని పోలేదా? భలే పసుపుండాయే అనలేదా?”

మద్దిలేటి కాగితం మడిచాడు. “అన్నా.”

“అయితే నీదీ ఆఖరే.”

ఒక్కొక్కరే లేచారు. నేను చూసినా, నేనూ చూసినా, మా పిల్లోళ్ళు రెండు గింజలు ఏరుకోని ఆడుకున్నారు. “అందరూ ఆఖరైతే ముందు ఎవురు నిలబడాల?” అన్నాడు దస్తగిరి. నవ్వారు. నియమం ఎవరికీ వర్తించకుండానే సభ లేచింది.

నాకు నవ్వు రాలేదు. వరుస ఎలా నిలబడినా గిన్నెలోది ఆరు కిలోలే.

జ్యేష్ఠ బహుళ విదియ

ఊళ్ళోని కొర్రలన్నీ దంపించి తవుడు గదికి తెప్పించాను. తవుడులో బి-6 ఉంటుంది గానీ గింజలకు అది నేరుగా పనికిరాదు. ఏదో ఒక ప్రాణి దాన్ని మింగి చేతిగా మార్చి ఇవ్వాలి. కల్లు ముంతల అడుగు మడ్డిలోని ఈస్టుతో ఆ పని చేయించాను. పులిసిన రసాన్ని వడకట్టి, చీకట్లో, గింజలను అందులో నానబెట్టాం. ఈశ్వరి నాతోపాటే ఉంది. ఏ పని చెప్పినా “ఎందుకు?” అని అడుగుతోంది. ప్రతిసారీ చెబుతున్నాను.

ఈలోగా తెలుపు రెండు కిలోలకు పడింది. తుంగ ముఖం ఉబ్బింది. పిలిస్తే చూస్తుంది గానీ రాదు. నిన్న హుసేనమ్మ దాని ముందు కోడిలా నడిచి చూపించింది. పిల్ల చూసి కళ్ళు మూసుకుంది. మరో నలుగురు పిల్లల పాదాలకూ గుంతలు పడుతున్నాయి.

ఇవాళ గింజలు తీసి చూశాను. మూడో వంతుకు పసుపు తిరిగి వచ్చింది. తక్కినవాటికి రాలేదు, రాదు. ఎండ వాటి చేతిని విరిచి ఊరుకోలేదు, ఆ చెయ్యి ఆనే చోటునే కాల్చేసింది.

తెలుపు: నాలుగు. ఇక ముందు కూడా నాలుగే.

నాలుగు కిలోలు పంచే పద్ధతి నేనే వేశాను. పిల్లలకూ, గర్భిణులకూ, బాలింతలకూ నిండు గరిటె. పనిచేసేవాళ్ళకు అర గరిటె. అరవై దాటినవాళ్ళకు వట్టి గంజి. ఒకరికి దించాలంటే ఇంకొకరి దగ్గర ఎత్తాలి, ఇంకో దారి ఈ గదిలో లేదు. వట్టి గంజి పట్టీలో మొదట నా పేరు రాసి గోడకు అంటించాను.

హుసేనమ్మ వచ్చి పట్టీ చదివించుకుంది.

“నా పేరు లేదే.”

“నీకు అరవై లేవు.”

“నేను పుట్టినరోజు నువ్వు మంత్రసానిగా వచ్చినావా? నాకు అరవై రెండు. రాయి.”

ఊరి రిజిస్టరులో ఆమె వయసు యాభై ఏడు. ఆ సంగతి నాకూ తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

“హుసేనమ్మా, ఇది లెక్క.”

“నేను చోటిచ్చినా అక్కా.” ఈసారి గొంతులో వేళాకోళం లేదు. “నా చాప జరిపి నేనే చోటిచ్చినా. రాయి.”

రాశాను. ఈ గదిలో తెలిసి రాసిన తప్పు లెక్క అదొక్కటే.

శ్రావణ శుద్ధ ఏకాదశి

తెలుపు: నాలుగు.

తుంగ పాదం నొక్కితే గుంత పడింది, మెల్లగా లేచింది. ఇవాళ దస్తగిరి టోపీ లాక్కుని ఇవ్వనంది. టోపీ లేకుండానే వెళ్ళాడు.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

హుసేనమ్మ పోయింది. వారం రోజుల దగ్గుకు. తిండి సరిగా ఉన్న మనిషిని ఆ దగ్గు ఏమీ చేసేది కాదు. వట్టి గంజి పట్టీలో పోయినవాళ్ళలో ఇది మూడో పేరు. మొదటి ఇద్దరూ ఎనభై దాటినవాళ్ళు.

నిన్న సాయంత్రం చూడటానికి వెళితే, “ఏమక్కా, కొత్త కంటికి నేను ఎట్ల కనపడతాండా?” అని అడిగింది.

“చిక్కిపోయి.”

“నువ్వు మాత్రం అబద్ధం చెప్పవే తల్లీ” అని నవ్వబోయి దగ్గింది.

వాళ్ళ పద్ధతి ప్రకారం ఆమెకు జరగాల్సినవి జరిపించడానికి ఆమె కొడుక్కి ఊరు సాయం చేసింది. నేను గదికి వచ్చి పట్టీలో ఆమె పేరు పక్కన ఉన్న అంకె దిద్దాను. హుసేనమ్మ, యాభై ఏడు.

తెలుపు: నాలుగు. పట్టీలో ముగ్గురు తగ్గినా తెలుపు ఒక్క గ్రాము మిగలలేదు. వాళ్ళ గరిటెలు ఏనాడో పిల్లలకు వెళ్ళిపోయాయి.

చైత్ర శుద్ధ విదియ

ఇవాళ తెర ఎత్తారు.

గోడల మీద ఎండ పడగానే వీధంతా చాపలు పరుచుకుంది. గది గుమ్మంలో పీట వేసుకుని ఈశ్వరి కూర్చుంది, ఎండకు వీపు పెట్టి. మూడు రోజులూ అక్కడే ఉంటానంది. కొత్తగా పని నేర్చుకుంటున్న మద్దిలేటి కోడలిని నిలబెట్టి అడుగుతోంది.

“కాగితం ఎందుకు తియ్యకూడదు?”

“నువ్వు తిడతావని.”

“కాదు. కూచో, చెప్తా.”

డాక్టరు నా కుడి కన్ను కూడా చేస్తానన్నాడు. వద్దన్నాను. ఒక్కటి చాలు.

మా ఎదురుగా చాపల వరసలో ఒక చాపంత జాగా ఖాళీగా ఉంది. అటు కొర్రలు, ఇటు చింతపండు. చోటు చాలక పక్క వీధికి వెళ్ళినవాళ్ళున్నారు గానీ అక్కడ ఎవరూ పరచలేదు.

నన్ను కుర్చీతో సహా తెచ్చి ఎండలో కూర్చోబెట్టారు. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి లాగి పాదాలు చాపుకున్నాను. తుంగ పరుగెత్తుకుంటూ వచ్చి ముందు కూర్చుంది. దాని జుట్టు నల్లగా ఉంది. రోజూ ఉదయం నేను దానికి చేసేది అది నాకు చేయాలనుకుంది. బొటనవేలు నా పాదం మీద పెట్టి, నాలుక బయటపెట్టి, బలమంతా వేసి నొక్కింది.

వేలు తీసి చూసింది. “జేజీ, గుంత లేవలేదు.”

“లేస్తుంది. ముందు నీది చూపించు.”

చాపింది. నొక్కాను. వేలు తీసేలోగానే చర్మం లేచింది. తుంగ పాదం: గుంత లేదు. తెలుపు: నాలుగు.

“ఇప్పుడు నీది” అని మళ్ళీ నా పాదం వైపు తిరిగింది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, ఆ గుంత ఎప్పుడు లేస్తుందా అని, వీధిలో ఎండ పోయేదాకా చూస్తూ కూర్చుంది.